స్థలపురాణం ఒక పక్క, రాయి ఒక పక్క: నాన్నగారితో తిరుమల నుంచి బెలుం దాకా ఏం చూడాలి, ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాన్నగారికి 68 ఏళ్లు, మీరు ఫిజిక్స్ చదివారు. ఇద్దరూ కలిసి తిరుమల, అహోబిలం, మహానంది, యాగంటి, బెలుం గుహలు ఐదు రోజుల్లో చుట్టి రావాలనుకుంటున్నారు. దారిపొడవునా ఆయన స్థలపురాణాలు చెబుతారు, మీకేమో ప్రతిదానికీ "అది సైన్సు కాదు నాన్నా" అనాలనిపిస్తుంది. గొడవ పడకుండా రెండూ ఎలా చూడాలి, సంచిలో ఏమేం పెట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబితే: కథలో కొలిచే మాట ఉంటే కొలవండి, లేకపోతే వినండి. "యాగంటి బసవన్న పెరుగుతున్నాడు", "ఇక్కడ కాకి వాలదు", "కోనేటి నీళ్లు ఏడాదంతా ఒకే వేడిలో ఉంటాయి" అన్నవి పరీక్షకు నిలబడాల్సిన మాటలు. "ఇక్కడ నరసింహస్వామి వెలిశాడు" అన్నది పరీక్షకు వచ్చే మాట కాదు. రాతిని చూపించి దాన్ని నిరూపించబోయినా, అదే రాతిని చూపించి కొట్టిపారేయబోయినా తప్పు ఒకటే. నేను భూవిజ్ఞానంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, గుడికి వెళ్తే మనస్ఫూర్తిగా దండం పెట్టుకునేవాణ్ణి. ఈ రెండూ ఒకదానికొకటి సర్టిఫికెట్ ఇచ్చుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు.

ఇస్రో వాళ్లు రాకెట్ ప్రయోగానికి ముందు నమూనాను తిరుమలకో, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికో తీసుకెళ్లి పూజ చేయించడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. దాని మీద ఏటా వాదన నడుస్తుంది. అక్కడ గమనించాల్సింది వేరే ఉంది. పూజ అయిందని కౌంట్‌డౌన్‌లో ఒక్క తనిఖీ కూడా తగ్గదు. ఏదైనా లోపం కనబడితే ప్రయోగం ఆపేస్తారు, మళ్లీ తేదీ చూసుకుంటారు. దండం మనిషి మనసుకు సంబంధించినది, తనిఖీ యంత్రానికి సంబంధించినది. మీ యాత్రలో కూడా ఈ మాత్రం ఎడం పాటిస్తే చాలు.

ముందు మ్యాపు ఒకసారి చూడండి

బయలుదేరే ముందు ఫోన్లో శాటిలైట్ మ్యాపు తెరిచి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం ఎక్కడున్నాయో నాన్నగారికి చూపించండి. ఆదిశేషుడి పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని ఆయనే చెబుతారు. మ్యాపులో చూస్తే శేషాచలం, వెలికొండ, నల్లమల వరసలు నిజంగానే వంపులు తిరుగుతూ కృష్ణా నది దాకా సాగుతాయి. భూవిజ్ఞానులు దీన్ని కడప బేసిన్ అంటారు, అంటే నేల కుంగి ఇసుక, మట్టి పొరలుగా పేరుకున్న పళ్లెం. చంద్రవంక ఆకారంలో, దాదాపు 440 కిలోమీటర్ల పొడవున, 44,500 చదరపు కిలోమీటర్లలో పరుచుకుంది. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో ఈ రాళ్ల మీద రాసిన నివేదికలో వాటిని గుంపులుగా విడదీసి పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని ఇక్కడి నదుల పేర్లు, కొండల పేర్లే పెట్టాడు.

కాలినడకన తిరిగినవాళ్లు మూడు క్షేత్రాలూ ఒకే కొండల వరస మీద ఉన్నాయని గమనించి, ఆ వరసకు ఒక ప్రాణిని ఊహించారు. అది చాలా గొప్ప పరిశీలన. అంతవరకే అనండి. "పురాణాల్లో జియాలజీ ముందే ఉంది" అనే దాకా వెళ్లకండి. ఆ మాట పురాణాన్నీ తక్కువ చేస్తుంది, జియాలజీనీ తక్కువ చేస్తుంది. బేసిన్ ఎలా కుంగింది, ఇసుక ఎన్ని దఫాలు పేరుకుంది, ఎప్పుడు ముడత పడింది అన్న ప్రశ్నలు ఆ కథ వేసుకోలేదు. దానికి వాటి అవసరం లేదు.

సంచిలో పెట్టుకోవాల్సినవి

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం (నగల షాపులవాళ్లు వాడే మడతపెట్టే రకం), 5 మీటర్ల టేపు, గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటరు, పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది), టార్చి, నోటుపుస్తకం. ఫోన్లో వాలు కొలిచే యాప్ ఒకటి. మీ ఫోన్లో బారోమీటరు సెన్సార్ ఉంటే దాన్ని చదివే యాప్ కూడా. సుత్తి, యాసిడ్ సీసా వద్దు. ఈ చోట్లన్నీ గుడి ఆవరణో, రక్షిత అడవో, రక్షిత కట్టడమో. రాయి పగలగొట్టడం, గీయడం, జేబులో వేసుకోవడం చట్టరీత్యా తప్పు, పైగా అవసరం లేదు.

థర్మామీటరును ఇంట్లోనే సరిచూసుకోండి. గ్లాసు నిండా దంచిన ఐసు, అది మునిగేంత నీళ్లు పోసి కలిపి, మూడు నిమిషాల తర్వాత గుచ్చితే సున్నా చూపించాలి. 0.8 చూపిస్తే తర్వాతి ప్రతి కొలత నుంచీ 0.8 తీసేయాలి. ఇది చేయకుండా మహానంది నీటి మీద తీర్పు చెప్పకండి.

నోటుపుస్తకంలో ప్రతి చోటుకూ రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో నాన్నగారు చెప్పిన కథ ఆయన మాటల్లోనే రాయండి, కుడి పేజీలో మీరు చూసింది, కొలిచింది, టైముతో సహా. రెండిటినీ ఒకే వాక్యంలో కలపకపోవడమే అసలు పని. నాన్నగారి తరం పోతే ఆ ఎడమ పేజీ మళ్లీ దొరకదు కాబట్టి అది కూడా అంతే శ్రద్ధగా రాయాలి.

తిరుమల

అలిపిరి దగ్గర నిలబడి పైకి చూడండి. కింది భాగం చెట్లతో నిండిన వాలు, దాని పైన గోడ కట్టినట్టు నిట్టనిలువు రాతి అంచు. కింద ఉన్నది గ్రానైట్, పైన ఉన్నది క్వార్ట్‌జైట్. గ్రానైట్ చివికి మట్టిగా మారి వాలు అవుతుంది. క్వార్ట్‌జైట్ అంటే గట్టిపడిన ఇసుక, దాదాపు అంతా క్వార్ట్‌జ్ కాబట్టి చివకదు, పగుళ్ల వెంట దిమ్మలుగా విరిగి పడుతుంది. అందుకే అది గోడలా నిలబడింది.

ఈ రెండూ కలిసే గీతను ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. ఘాట్ రోడ్డు తవ్విన చోట్ల అది కనబడుతుంది. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. కింది రాయికీ పై రాయికీ మధ్య వ్యవధి సుమారు 80 కోట్ల ఏళ్లని ఆ సంస్థ చెప్పే లెక్క. అన్నేళ్ల చరిత్ర అక్కడ రాతిలో లేదు. కొండలు అరిగిపోయి నేల చదునైంది, ఆ తర్వాతే దాని మీద నీళ్లు వచ్చి ఇసుక పరిచాయి. బస్సులో పోతూ చూడాలంటే కిటికీ పక్కన కూర్చుని, ముతక గింజలతో గులాబీ బూడిద రంగులో ఉన్న రాతి మీద పొరలుపొరలుగా పేర్చినట్టున్న రాయి ఎక్కడ మొదలవుతుందో గమనించండి. బండి ఆపి దిగడానికి వీల్లేదు, మలుపుల్లో అది ప్రమాదం కూడా.

మెట్లదారిలో అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. అలిపిరి దారిలో ఎక్కువ కష్టం గాలిగోపురం దాకానే, ఆ తర్వాత చాలాదూరం చదును, చివర్లో మోకాళ్ల పర్వతం. ఇది కొండ నిర్మాణమే. పీఠభూమి అంచు ఎక్కేదాకా నిలువు, ఎక్కాక సమతలం.

68 ఏళ్లాయనకు ఎత్తు వల్ల ఇబ్బందేమీ ఉండదు, తిరుమల 850 మీటర్లే. శ్రమే అసలు సంగతి. 70 కిలోల మనిషి 700 మీటర్లు ఎక్కడానికి చేసే పని దాదాపు 480 కిలోజౌళ్లు. కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతు, అంతకంటే తక్కువే పనిగా మారుస్తాయి కాబట్టి ఖర్చు 500 కేలరీల దగ్గర తేలుతుంది. ఉదయమే మొదలుపెట్టండి, చిన్న గుక్కల్లో నీళ్లు తాగుతూ ఎక్కండి. షుగరు మాత్రలు వేసుకునేవారైతే ఖాళీ కడుపుతో ఎక్కనివ్వకండి. గుండెకు స్టెంటు ఉన్నా, మోకాళ్లు అరిగినా డాక్టరును అడిగాకే మెట్లు, లేదంటే బస్సే మంచిది. చిరుతల కదలికల వల్ల నడకదారిలో వేళల నిబంధనలు మారుతుంటాయి. ముందురోజు కనుక్కోండి, గుంపుతోనే నడవండి.

ఫోన్లో బారోమీటరు ఉంటే కింద 995, పైన 915 మిల్లీబార్ల దగ్గర చూపిస్తుంది. తొమ్మిది మీటర్లు ఎక్కితే సుమారు ఒక మిల్లీబారు తగ్గుతుంది. కొండ మీద చల్లదనానికి కూడా లెక్క ఉంది. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున 700 మీటర్లకు నాలుగున్నర. మిగతా హాయి చెట్లది.

శిలాతోరణం, అంటే సహజంగా ఏర్పడిన రాతి కమాను, గుడికి ఉత్తరాన కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం దగ్గర. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. స్వామి పాదం మోపిన చోటని కొందరు, ఆయన ఎత్తుకు సమానమని కొందరు చెబుతారు. రాతి వైపు నుంచి చెప్పాలంటే, క్వార్ట్‌జైట్ పొరల్లో గట్టివి, కాస్త మెత్తవి ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అడ్డంగా నిలువుగా పగుళ్లు ఉంటాయి. నీరు పగుళ్లలో దిగి మెత్తటి పొరను తినేసింది, కింది దిమ్మలు రాలిపోయాయి, పైది నిలిచింది. రాయి లాగితే విరుగుతుంది, నొక్కితే ఓర్చుకుంటుంది. కమానులో బరువంతా పక్కలకు నొక్కుడుగా దిగుతుంది, అందుకే నిలబడగలిగింది.

"ఆసియాలో ఇదొక్కటే" అని గైడ్లు చెప్పేది నిజం కాదు. చైనాలోని షింజియాంగ్‌లో షిప్టన్ ఆర్చ్ దీనికి ఎన్నో రెట్లు పెద్దది. ఆ మాట వదిలేస్తే శిలాతోరణానికి తగ్గేదేమీ లేదు. మీ బంధువులు అమెరికాలో ఉంటే యూటా రాష్ట్రంలోని రెయిన్‌బో బ్రిడ్జి చూడమనండి. అది ఇసుకరాయి, 88 మీటర్ల ఎత్తు, 84 మీటర్ల వెడల్పు. నవాహో తదితర తెగలకు అది పవిత్ర స్థలం, అందుకని దాని కిందుగా నడవవద్దని పార్కువాళ్లే సందర్శకులను కోరతారు. ఎలా ఏర్పడిందో బోర్డు మీద రాసి, పక్కనే ఎవరికి పవిత్రమో కూడా రాశారు. మన దగ్గర కూడా బోర్డులు అలా ఉండాలని నా కోరిక.

ఇంకొకటి వెతకండి. క్వార్ట్‌జైట్ పలకల మీద సన్నటి సమాంతర గీతలు, గట్లుగా. అవి నీటి అలలు ఇసుక మీద వేసిన గుర్తులు, అలాగే రాయైపోయాయి. మిట్టమధ్యాహ్నం కనబడవు. ఉదయం ఏడూ ఎనిమిది మధ్య, లేదా సాయంత్రం నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా పడినప్పుడు గట్ల నీడలు తేలుతాయి. టార్చిని పలకకు ఆనించి పక్క నుంచి వేసినా సరే.

ఈ కొండల్లోనే దొరికిందని ఎవరైనా సాలగ్రామం అమ్మజూపితే కొనకండి. సాలగ్రామాలు నేపాల్ గండకీ నదిలోవి, జురాసిక్ కాలపు అమ్మొనైట్ల (అంతరించిపోయిన సముద్రపు గుల్ల జీవుల) గుర్తులున్నవి. తిరుమల రాళ్లు గుల్ల ఉన్న జంతువులు భూమ్మీద పుట్టకముందువి. అలాగే "తిరుమల కొండ ఇన్ని వందల కోట్ల ఏళ్లది, కాబట్టి గుడి కూడా..." అనే వాట్సాప్ సందేశాలు వస్తుంటాయి. రాతి వయసు రాతిదే. గుడి వయసు శాసనాలు చెప్పాలి.

అహోబిలం

దిగువ అహోబిలం నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు, రోడ్డు ఉంది. స్వామి స్తంభం చీల్చుకుని వచ్చాడని చెప్పే ఉగ్రస్తంభం మాత్రం కొండల్లో కష్టమైన నడక. అది కొండ అంచున నిలువునా చీలిన రాయి. ఇక్కడ ఒక తేడా నేర్చుకోవచ్చు. రాతిలో గీతలు రెండు రకాలు. ఇసుక పేరుకున్నప్పటి పొరల గీతలు ఒకటి, తర్వాత ఒత్తిళ్లకు పడ్డ పగుళ్లు రెండోది. గీతకు అటూ ఇటూ గింజల సైజు, రంగు మారితే అది పొర. రెండు వైపులా ఒకే రాయి ఉండి, గీత పొరలను కోసుకుంటూ పోతే అది పగులు. ఉగ్రస్తంభం పగుళ్ల వెంట దిమ్మలు రాలగా మిగిలినది. నల్లమల రాళ్లు మొత్తంగా ముడతలు పడినవి, ఒకచోట పొరలు వాలుగా, ఇంకోచోట నిలువుగా ఉంటాయి. యాప్‌తో పొర వాలు కొలిచి తిరుమలలో కొలిచిన దానితో పోల్చండి.

భవనాశి వాగు దాటేచోట్ల క్వార్ట్‌జైట్ నున్నగా అరిగి, దాని మీద పాకుడు పట్టి ఉంటుంది. జారేది అక్కడే. తడి రాతి మీద నున్నటి రబ్బరు చెప్పులు పనికిరావు, అడుగున గాడులున్న షూ కావాలి. స్థానిక గైడును తీసుకోండి. నాన్నగారు జ్వాలా నరసింహం దాకా వెళ్లగలిగితే చాలు, ఉగ్రస్తంభం మీరొక్కరే ఎక్కండి.

మహానంది

నల్లమల పాదాన ఊట. ఐదడుగుల లోతు కోనేట్లో అడుగున నాణెం కనబడేంత తేట. "చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా" అంటారు. ఇది మీరు చక్కగా కొలవగల మాట.

నేల లోపల కొన్ని మీటర్ల కింద ఎండా చలీ తెలియవు, ఆ ఊరి ఏడాది సగటు వేడే ఉంటుంది. నంద్యాల ప్రాంతానికి అది 28 డిగ్రీల అటూ ఇటూ. జనవరి తెల్లవారుజామున గాలి 17 ఉంటే 28 డిగ్రీల నీళ్లు వెచ్చన, మే మధ్యాహ్నం 42 ఉంటే అవే చల్లన. ఒంటికి తెలిసేది గాలితో పోలికే.

కొలిచే పద్ధతి: కోనేట్లో కాదు, నీళ్లు వచ్చి పడే ధార దగ్గర, లేదా బయటికి పోయే కాలువ మొదట్లో. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి. థర్మామీటరు కొన నీళ్లలో ఒక నిమిషం ఉంచాలి, ఎండ నేరుగా దాని మీద పడకూడదు. రెండు కొలతలకూ తేడా అర డిగ్రీ లోపుంటే ఆ రోజు మట్టుకు మాట నిలబడినట్టే, ఏడాదంతా అనాలంటే వేరే కాలంలో మళ్లీ కొలవాలి. నీళ్లు సగటు కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే అవి లోతు నుంచి వస్తున్నాయని అర్థం. కిలోమీటరు లోతుకు 20 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, మూడు డిగ్రీలంటే నూరూ నూటయాభై మీటర్ల లోతు తిరిగి వచ్చిన నీరు. టీడీఎస్ కూడా రాసుకోండి, హోటల్లో బోరు నీళ్లతో పోల్చండి. ఊట క్వార్ట్‌జైట్ పగుళ్ల గుండా వస్తే ఆ రాయి నీళ్లలో కరగదు కాబట్టి అంకె తక్కువగా ఉంటుంది. సున్నపురాయిని తాకి వస్తే పెరుగుతుంది. తేటదనానికి కారణం కూడా దాదాపు ఇదే: బంకమట్టి కలవడం లేదు, నీరు ఆగకుండా మారిపోతోంది.

ఊట ఎంతో తెలియాలంటే బయటి కాలువలో ఒక ఎండుటాకు వేసి 5 మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లో చూడండి. కాలువ అర మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు, ఆకుకు 10 సెకన్లు పట్టిందనుకుందాం. 0.5ను 0.2తో, దాన్ని సెకనుకు 0.5 మీటర్ల వేగంతో గుణించి, అడుగున నీరు నెమ్మదిస్తుంది కాబట్టి మళ్లీ 0.8తో గుణిస్తే 0.04. అంటే సెకనుకు 40 లీటర్లు. సబ్బులు, షాంపూలు మాత్రం అక్కడ వాడనివ్వకండి, ఆ నీళ్లే కింద పొలాలకు పోతాయి.

యాగంటి

మీ ఇద్దరికీ ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే అనుకుంటాను. బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో చెప్పారని భక్తుల నమ్మకం. రంకె సంగతి కొలిచేది కాదు. "20 ఏళ్లకు ఒక అంగుళం" అని చలామణిలో ఉన్న అంకె మాత్రం కొలిచేదే. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు చోటు చాలడం లేదని పెద్దవాళ్లు చెబుతారు.

అంగుళం 25.4 మిల్లీమీటర్లు. 20తో భాగిస్తే ఏడాదికి 1.27 మిల్లీమీటర్లు. ఇప్పుడు చిక్కులు చూడండి. రాయి వేడికి వ్యాకోచిస్తుంది, డిగ్రీకి మీటరుకు సుమారు 10 మైక్రాన్లు. నాలుగున్నర మీటర్ల రాయి, చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ మధ్య 20 డిగ్రీల తేడాకు 0.9 మిల్లీమీటర్లు మారుతుంది. అంటే ఏడాది పెరుగుదల అని చెప్పేదానికీ, ఎండకు సాగేదానికీ మధ్య తేడా అంతంతమాత్రం. పైన పసుపు, కుంకుమ, నూనె పూత పేరుకుంటూ ఉంటుంది, అది కొన్ని మిల్లీమీటర్లు. మెత్తటి టేపుతో వంపుల మీద కొలిస్తే ఎవరి చేతికైనా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కాబట్టి ఒకసారి వెళ్లి టేపుతో కొలిచి, నిరుటి కొలతతో పోల్చి "పెరిగింది", "పెరగలేదు" అనే మాట రెండు వైపులా చెల్లదు.

చెల్లేలా చేయాలంటే ఏటా ఒకే నెలలో, ఒకే వేళకు, రాతి ఉష్ణోగ్రత రాసుకుంటూ, చుట్టూ ఓ 150 ఫొటోలు 70 శాతం ఒకదానిమీదొకటి పడేలా తీసి, తెలిసిన పొడవున్న రెండు స్కేళ్లు ఫ్రేములో ఉంచి, కంప్యూటరులో త్రీడీ నమూనా కట్టి, పదేళ్లు పోల్చాలి. రాతికి మేకులు కొట్టే పని లేదు. గుడివాళ్ల అనుమతి మాత్రం తప్పనిసరి. మీరు ఇప్పుడు చేయగలిగింది ఇంకొకటుంది. ఇంట్లో పాత ఫొటోలు వెతకండి. 50 ఏళ్ల కిందటి ఫొటోలో బసవన్న ఇప్పటికంటే రెండున్నర అంగుళాలు చిన్నగా ఉండాలి. విగ్రహం పొడవుకూ మండపం స్తంభం వెడల్పుకూ నిష్పత్తి తీసి చూడండి. ఫొటో తీసిన చోటు ఒకటే అయితేనే ఈ పోలిక పనికొస్తుంది, రెండడుగులు పక్కకు జరిగినా నిష్పత్తి మారిపోతుంది.

చెక్కుడు పనిని కూడా చూడమంటాను. రాయి లోపలి నుంచి ఉబ్బితే పైన చెక్కిన గంటల పట్టెడలు, గీతలు చిట్లాలి. పైన కొత్త పదార్థం పేరుకుంటే ఆ గీతలు పూడుకుపోవాలి. గుహల్లో సున్నం పేరుకుని రాయి పెరగడం ఉంది, అది రెండో రకం. గీతలు పదునుగా, పగుళ్లు లేకుండా ఉంటే రెండూ జరగనట్టే. నా అభిప్రాయం దాచను: పెరుగుతోందని ఒప్పుకోవడానికి తగిన కొలత నా ముందు లేదు. నాన్నగారికి ఈ మాట గుళ్లో నిలబడి చెప్పకండి. పాత ఫొటోల లెక్క ఆయన చేతనే చేయించండి, ఆసక్తిగా చేస్తారు.

కాకి సంగతి ఇంకా బాగుంటుంది. కాకాసురుడు అగస్త్యుడి తపస్సుకు అడ్డుపడితే శపించాడని, అందుకే ఇక్కడ కాకులు రావని కథ. మధ్యాహ్నం వెళ్లి పైకి చూసి కాకి లేదంటే సరిపోదు, ఆ వేళ పక్షులు ఎక్కడైనా తక్కువగానే తిరుగుతాయి. ఉదయం ఆరున్నర ఏడున్నర మధ్య, సాయంత్రం ఐదింటికి, ఒకేచోట కూర్చుని పదిహేను నిమిషాలు కనబడిన పక్షులన్నీ రాయండి. అదే లెక్క బనగానపల్లె బస్టాండులో, ఇంకో కొండగుడి దగ్గర కూడా చేయాలి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు. ఒక్క కాకి కనబడినా "ఎప్పుడూ రావు" అన్న మాట పోతుంది. కనబడకపోతే మాత్రం నిరూపణ అయినట్టు కాదు, ఆ గంటలో లేదని మాత్రమే.

బెలుం

కొలిమిగుండ్ల దగ్గర చదును నేల కింద 3,229 మీటర్ల పొడవున్న గుహ, అందులో ఒకటిన్నర కిలోమీటర్లు జనానికి తెరిచారు. బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దీని గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. ఇక్కడి రాయి నార్జి సున్నపురాయి. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఈ ప్రాంతానివే. వానచుక్క మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచటి ఆమ్లమై, పగుళ్లలో దిగి రాతిని కరిగిస్తుంది. ఇంట్లో వంటగట్టు కడప బండ మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే నిగనిగ పోయి తెల్లమచ్చ పడేది ఇందుకే. నాపరాయి ముక్క ఒకటి ఇంటి దగ్గరే దొరికితే కాస్త పొడి గీరి, దాని మీద వెనిగర్ వేసి భూతద్దంలో బుడగలు చూడండి.

కోటిలింగాల గదిలో కిందినుంచీ పైనుంచీ పెరిగిన సున్నపు రూపాలు లింగాల్లా ఉంటాయి. నాన్నగారు దండం పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. చేత్తో తాకవద్దని మాత్రం చెప్పండి. చేతి జిడ్డు అంటితే నీటిపొర సరిగా పరుచుకోదు, ఆ చోట పెరుగుదల ఆగి నల్లబడుతుంది. సప్తస్వరాల గుహలో మోగుతాయని రాళ్లను కొట్టడం కూడా అంతే నష్టం.

లోపల గాలిలో తేమ ఎక్కువ, ఉక్కపోత. బయటి నుంచి గాలి పంపే ఏర్పాటు ఉన్నా జనం ఎక్కువైతే ఊపిరి బరువెక్కుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోవాలి. అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర మెట్లు తడిగా ఉంటాయి. నూలు బట్టలు, జారని చెప్పులు, సెలవు రోజు కాకుండా పొద్దున్నే. కరెంటు పోతే కదలకుండా నిలబడి టార్చి వేయండి.

ఐదు రోజుల్లో ఇవన్నీ కుదురుతాయా అన్నారు. తిరుమలకు రెండు, అహోబిలానికి ఒకటి, మహానంది రాత్రి బస చేస్తే తెల్లవారుజాము కొలత కూడా అయిపోతుంది, అదే రోజు సాయంత్రానికి యాగంటి, ఐదో రోజు బెలుం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. వానల్లో వెళ్లాల్సి వస్తే ఉగ్రస్తంభం పూర్తిగా మానేసి, ఆ పూట గండికోటకు ఇవ్వండి. అక్కడ పెన్నా కోసిన లోయ గోడల్లో క్వార్ట్‌జైట్ పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. అంచుకు కంచె లేదు, నాన్నగారిని అంచుకు నాలుగడుగులు ఇవతలే కూర్చోబెట్టండి.